ఇక్కడ ఎవరూ మీ వెంటపడరు

(ఒక ఇంజినీరింగ్ కాలేజీలో బీటెక్ మొదటి సంవత్సరం విద్యార్థులకు, వాళ్ళ తల్లిదండ్రులకు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మానాన్నలకి కూడా. మైకు వినబడుతోందా? ఆ మూల ఫ్యాన్ లేని వాళ్ళకి? సరే.

పొద్దున్నుంచి ముగ్గురు మాట్లాడారు. కలలు కనమన్నారు, పెద్ద కంపెనీల పేర్లు చెప్పారు, ప్యాకేజీలు చెప్పారు. నేను అంత దూరం పోను, నాలుగేళ్ళ గురించి కూడా మాట్లాడను. వచ్చే నాలుగు నెలల గురించి మాత్రమే చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. పదేళ్ళకు పైగా ఫస్టియర్‌కి సి లాంగ్వేజ్ చెప్తున్నాను కాబట్టి, ఏటా కొంతమంది సరిగ్గా అదే చోట అదే పద్ధతిలో దెబ్బతినడం చూస్తూనే ఉన్నాను. ఇరవై నిమిషాలిచ్చారు, తర్వాత భోజనాలు, ఆ వాసన నాక్కూడా వస్తోంది, కాబట్టి తొందరగానే వదిలేస్తాను.

నేను బీటెక్‌లో చేరింది 2009లో. మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. ఇంటర్ దాకా సర్కారు కాలేజీ, తెలుగు మీడియం. మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చే బస్సులో ఒక ట్రంకు పెట్టె, బకెట్, బకెట్లో చెంబు, చెంబులో సబ్బు, ఇవన్నీ ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. మాకు ఇండక్షన్లు లేవు. మీకిప్పుడు జరుగుతున్న ఈ మూడు వారాల కార్యక్రమం 2017లో ఏఐసీటీఈ, అంటే దేశంలో ఇంజినీరింగ్ చదువుల్ని చూసే సంస్థ, చెప్పిన తర్వాత వచ్చింది. మేమైతే దిగిన మర్నాడే క్లాసులో కూర్చున్నాం.

ఫస్ట్ పీరియడ్ మ్యాథ్స్. సార్ బోర్డు మీద మూడు వరుసలు, మూడు నిలువులు రాసి, నన్నే లేపి, ఇంగ్లీషులో, దీని డిటర్మినెంట్ ఎంత అన్నాడు. చూడండి, డిటర్మినెంట్ అంటే తెలుగులో నిర్ధారకం, అది నాకు వచ్చు. మాత్రిక ఇస్తే నిర్ధారకం నోటితో కట్టేవాణ్ణి, మా జూనియర్ కాలేజీలో ఆ లెక్క నాకంటే వేగంగా చేసేవాడు లేడు. కానీ ఆ క్షణంలో ఆ మాటకీ నాకు తెలిసిన దానికీ ముడి పడలేదు. తల దించుకుని నిలబడ్డాను. సార్ సిట్ డౌన్ అన్నాడు, పక్కవాణ్ణి లేపాడు, వాడు చెప్పాడు, క్లాసు సాగిపోయింది. సార్ తప్పేమీ లేదు, అరవై మంది ఉన్నారు, ఒకడు చెప్పలేదు, ఇంకొకడు చెప్పాడు, అంతే.

ఇంటర్లో అయితే మా లెక్కల సారు అక్కడే ఆగిపోయేవాడు. నీకు రాదా, ఎందుకు రాదు, రాత్రి ఇంటికి రా, అనేవాడు. ఇక్కడ అలా ఎవరూ అనలేదు, రెండో రోజూ అనలేదు, నెల తర్వాత కూడా అనలేదు. నాకు ఆ సబ్జెక్టు రాదని ఆ కాలేజీలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. పాఠాలు కష్టంగా ఉండటం అనేది చిన్న సంగతి. ఇక్కడ ఎవరూ మన వెంటపడరు, అది అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

మా రూమ్మేట్ సంగతి వినండి, వాడిది నాకు పూర్తిగా తలకిందుల కథ. ఖమ్మం నుంచి వచ్చాడు, మేము వాణ్ణి ఖమ్మం అనే పిలిచేవాళ్ళం. ఇంటర్ రెండేళ్ళు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చదివాడు. పొద్దున అయిదింటికి విజిల్, అయిదున్నరకి స్టడీ అవర్, టిఫిన్, క్లాసులు, మళ్ళీ స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి లైట్లు ఆర్పేదాకా ఎప్పుడు ఏ పుస్తకం తెరవాలో వార్డెన్ చెప్పేవాడు, ఆదివారం పరీక్ష, సోమవారం మార్కులు, మార్కులు తగ్గితే ఇంటికి ఫోను. మీలో చాలామంది నవ్వుతున్నారంటే మీదీ అదే బాపతు అన్నమాట. వాడికి ఎంసెట్‌లో నాకంటే చాలా మంచి ర్యాంకు. లెక్కలూ వచ్చు, ఇంగ్లీషూ వచ్చు.

క్లాసులు నాలుగుంపావుకి అయిపోయేవి. ఆ నాలుగుంపావు తర్వాత ఏం చేయాలో వాడికి తెలియలేదు. మొదటి వారం నిద్రపోయాడు, రెండేళ్ళ నిద్ర బాకీ ఉంది కదా, మేమూ ఏమనలేదు. రెండో వారం దిల్‌సుఖ్‌నగర్‌లో సినిమాలు. ఆ తర్వాత సినిమాలు కూడా లేవు, మంచం మీద పడుకుని పైకప్పు చూస్తుండేవాడు. ఒకరోజు రాత్రి, "మామా, చదవాలనే ఉందిరా, ఎక్కడ మొదలుపెట్టాల్నో ఎవ్వడూ చెప్తలేడు" అన్నాడు. నాకప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు నా స్టూడెంట్లు అదే మాట వేరే మాటల్లో అంటుంటే నవ్వు రాదు. రెండేళ్ళ పాటు వాడి రోజుని ఎవరో ఒకరు నడిపించారు, ఒక్కరోజు కూడా తనంతట తాను నడుపుకోలేదు, ఇప్పుడు హఠాత్తుగా రోజంతా చేతిలో పెట్టేసరికి దాన్నేం చేసుకోవాలో తెలియలేదు. వాడు బద్ధకస్తుడు కాడు. ఆ పని ఎప్పుడూ చేసి ఉండలేదు, అంతే.

మీరు రాసిన ఎంట్రన్స్‌నే తీసుకోండి. పేరు మారి ఎప్‌సెట్ అయింది కానీ లోపల అదే, 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకి నిమిషం పైచిల్లర. అందుకోసం మీకు షార్ట్‌కట్లు నేర్పారు, ఆప్షన్లు తీసి వెనక్కి వేసి చూడటం, కానిది కొట్టేయడం, ఏదీ తేలకపోతే ఒకటి పెట్టేయడం, నెగెటివ్ మార్కులు లేవు కదా. అది తప్పని నేననను, ఆ పరీక్షకి అదే చదువు. కానీ ఇక్కడ సెమిస్టర్ పేపర్లో ఒక ప్రశ్నకి పది మార్కులుంటాయి, ఆప్షన్లుండవు, పేజీన్నర రాయాలి, ప్రతి మెట్టుకీ మార్కుంటుంది, చివరి జవాబు కరెక్టైనా మధ్యలో మెట్లు లేకపోతే మార్కులు రావు. ర్యాంకర్లు మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్షలో, బిత్తరపోయేది ఇక్కడే. వాళ్ళకి లెక్క వచ్చు, రాయడం రాదు. పెన్ను పట్టుకుని పది నిమిషాలు ఒకే లెక్క మీద కూర్చోవడం రాదు.

మ్యాథ్స్‌లో మీ మొదటి యూనిట్ మ్యాట్రిక్సులే, అందులో మొదటి టాపిక్ ర్యాంకు. ఒక ర్యాంకు గొడవ ఇప్పుడే వదిలిందనుకుంటే ఇంకో ర్యాంకు! కానీ ఈ ర్యాంకు నాకిష్టం. మ్యాట్రిక్స్‌లో ఎన్ని వరుసలున్నా సరే, పక్క వరుసల్ని కలిపితేనో తీసేస్తేనో వచ్చే వరుసని లెక్కలోకి తీసుకోరు, సొంతంగా నిలబడే వరుసలు ఎన్నో అదే దాని ర్యాంకు. ల్యాబ్ రికార్డులు దిద్దేటప్పుడు నాకు ఈ టాపిక్ తెగ గుర్తొస్తుంది. అరవై రికార్డులుంటాయి, ర్యాంకు చూస్తే ఏడో ఎనిమిదో. (నవ్వులు)

ఇప్పుడు టైము సంగతి. మేం చదివినప్పుడు మొదటి సంవత్సరానికి సెమిస్టర్లు లేవు, ఏడాదికంతా కలిపి ఒకటే పరీక్ష. నాలాంటివాడు ఆరు నెలలు మునిగినా తేలడానికి ఇంకో ఆరు నెలలుండేవి. 2016లో వచ్చిన రెగ్యులేషన్ నుంచి జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో మొదటి ఏడాది కూడా సెమిస్టర్లయింది. అంటే మీకు చేతిలో ఉన్నది 90 పనిరోజులు. సబ్జెక్టుకి అయిదు యూనిట్లు, మొదటి మిడ్‌కి రెండున్నర యూనిట్లు, సుమారు రెండు నెలలకే ఆ మిడ్ వచ్చి నిలబడుతుంది. ఆఖరి విడత కౌన్సెలింగ్‌లో వచ్చేవాళ్ళకి ఇంకా తక్కువ. వాళ్ళు మీ బెంచీలో వచ్చి కూర్చుంటే మీ నోట్సు అడక్కముందే ఇవ్వండి.

ఇప్పుడున్న రూల్ ప్రకారం కాలేజీలో మిడ్‌ల లాంటివాటికి వేసే ఇంటర్నల్ మార్కులు 40, సెమిస్టర్ చివరి పరీక్షకి ఎక్స్‌టర్నల్ 60. ఎక్స్‌టర్నల్లో కనీసం 21 రావాలి, రెండూ కలిపి 40 రావాలి. అటానమస్ కాలేజీల్లో కొంచెం అటూఇటూ ఉంటుంది, మీ మీ రెగ్యులేషన్ బుక్కు మీరు చదువుకోండి, సీనియర్లు చెప్పింది నమ్మకండి, వాళ్ళది వేరే రెగ్యులేషన్ అయి ఉండొచ్చు. ఇందులో ఉన్న కిటుకేంటంటే ఇంటర్నల్లో 19 వస్తే ఎక్స్‌టర్నల్లో ఆ 21 చాలు. 30 తెచ్చుకున్నా 21 అయితే రావాల్సిందే, కానీ గుండె మీద బరువుండదు. అదే ఇంటర్నల్లో పద్నాలుగో పదిహేనో వచ్చిందనుకోండి, ఎక్స్‌టర్నల్లో ఇరవై అయిదారు తెచ్చుకోవాలి, పైగా ఆ పేపరు దిద్దేది మీ మొహం తెలిసిన సారు కాదు. మిడ్ అంటే చిన్న పరీక్షే కదా అని దసరా సెలవుల్లో పుస్తకం ఇంటికి మోసి, తీయకుండా మళ్ళీ మోసుకొచ్చేవాళ్ళు మీలో సగం మంది ఉంటారు, నేనూ మోశాను.

ఇక అటెండెన్స్. 75 శాతం. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి, మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు కట్టాలి. 65 లోపుకి పోతే డిటెయిన్, పరీక్ష రాయనివ్వరు, వచ్చే ఏడాది జూనియర్లతో కూర్చోవాలి. 90 రోజుల్లో 75 శాతమంటే 22 రోజులు మానొచ్చు, అబ్బో చాలా ఉన్నాయే అనిపిస్తుంది. నా లెక్క చెప్తాను వినండి. నేను ప్రతి శనివారం సాయంత్రం దేవరకొండ బస్సెక్కేవాణ్ణి. ఇంటి మీద బెంగ. హాస్టల్లో చారు నీళ్ళలా ఉండేది, పడుకుంటే మా ఊరి కుక్కల అరుపులు కూడా గుర్తొచ్చేవి. సోమవారం పొద్దున తొలి బస్సుకి బయల్దేరతాననుకునేవాణ్ణి, అమ్మ మధ్యాహ్నం తిని పోరా అనేది. అలా వారానికో సోమవారం పోతే మీ సెమిస్టర్ లెక్కన పదహారు రోజులు. మిగిలేవి ఆరు. ఆ ఆరులో జ్వరం, మేనత్త కూతురి పెళ్ళి, బతుకమ్మ. పైగా మా టైమ్‌టేబుల్‌లో సోమవారం పొద్దున్నే డ్రాయింగ్, వరసగా మూడు పీరియడ్లు. ఇంటికి వెళ్ళొద్దని నేను చెప్పను. వెళ్ళండి, కానీ ఆదివారం రాత్రికి వచ్చేయండి.

డ్రాయింగ్ గురించి ఒక మాట. ఇప్పుడు కొంత కంప్యూటర్ మీద చేయిస్తున్నారు గానీ షీటు మీద గీయడం పోలేదు. ఇందులో మనం వాడేది ఫస్ట్ యాంగిల్ పద్ధతి, అంటే వస్తువుని పైనుంచి చూస్తే కనబడేది కాగితం మీద కింద గీయాలి. మొదటి రోజు ఎవరికీ ఎక్కదు. పైనుంచి చూసింది కిందెందుకు? దీపం ముందు చెయ్యి పెట్టి చూడండి, నీడ చేతికి అవతల గోడ మీద పడుతుంది. వస్తువు మీకూ గోడకీ మధ్యలో ఉంది. పైనుంచి చూస్తే నీడ నేల మీద పడుతుంది, ఆ నేలని కిందకి మడిచి కాగితం మీద పెడుతున్నాం, అంతే. ఇది బట్టీ పట్టేది కాదు, కళ్ళు మూసుకుని ఆ డబ్బాని తిప్పి చూసుకోవాలి. మా క్లాసులో దీన్ని మొట్టమొదట పట్టుకున్నది ర్యాంకర్లెవరూ కాదు, వాళ్ళ నాన్న నల్లగొండలో వడ్రంగి పని చేసేవాడు, ఆ అబ్బాయి. చిన్నప్పట్నుంచి తలుపుల చెక్కలు చూసిన కళ్ళు. అప్పటిదాకా వెనక బెంచీలో ఉన్నవాడి చుట్టూ ఆ రోజు నుంచి జనం మూగారు, ఖమ్మం కూడా వాడి దగ్గరే కూర్చుని నేర్చుకున్నాడు. ఎంట్రన్స్ ర్యాంకుల వరస ఇక్కడ ఎలా చెదిరిపోతుందో ఆ డ్రాయింగ్ హాల్లో చూశాను.

నా సబ్జెక్టు గురించి చెప్పకపోతే బాగోదు. సి ల్యాబ్‌లో ఏటా ఒక తప్పు చూస్తాను. ఇఫ్ పక్కన బ్రాకెట్లో రెండు ఈక్వల్స్ పెట్టాల్సిన చోట ఒకటే పెడతారు. చాలాసార్లు ప్రోగ్రాం ఆగదు, చక్కగా నడుస్తుంది, తప్పు జవాబిస్తుంది. దాంతో గంట కుస్తీ పట్టిన పిల్ల ఉంటుంది చూశారూ, ఆ పిల్ల జీవితంలో మళ్ళీ ఆ తప్పు చేయదు. పక్కవాళ్ళ దాంట్లోంచి దింపుకున్నవాడికి, లేదా ఫోన్లో ఏఐని అడిగి రాసుకున్నవాడికి, ల్యాబ్ నలభై నిమిషాల ముందే అయిపోతుంది, క్యాంటీన్‌కి పోతాడు. ఇంటర్నల్ ల్యాబ్ రోజు ఫోన్ బయట పెట్టించాక వాడి మొహం చూడాలి. ఏఐని వాడొద్దని చెప్పను, చెప్తే మానతారా? మీ ప్రోగ్రాం ఎందుకు పనిచేయట్లేదో అడగండి, ప్రోగ్రాం రాసిమ్మని మాత్రం ఈ నాలుగు నెలలూ అడక్కండి.

తెలుగు మీడియం వాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. ఎత్తండి, పర్లేదు... ఊఁ, ఇంకా ఉన్నారు, నాకు తెలుసు. నేను చేసింది చెప్తాను, ఆలస్యంగా చేశాను, మీరు రేపే చేయండి. ఒక నోట్సు తీసుకుని పేజీ మధ్యలో గీత గీశాను. ఎడమ పక్క ఫంక్షన్, కుడి పక్క ప్రమేయం. లిమిట్, అవధి. వెక్టర్, సదిశ. మొమెంటం, ద్రవ్యవేగం. మొమెంట్ ఆఫ్ ఇనర్షియా, జడత్వ భ్రామకం. ఇలా రాస్తూ పోతే సబ్జెక్టుల మాటలు రెండు వందలకి మించలేదు. మిగతాది సపోజ్, దేర్‌ఫోర్, సబ్‌స్టిట్యూట్, వేరాజ్, ఇవే తిప్పి తిప్పి వాడతాం మేము. నిజం చెప్పనా, క్లాసులో మేం మాట్లాడే ఇంగ్లీషు చాలా తక్కువ, అర్థం కాకముందు సముద్రంలా కనబడుతుంది అంతే. మీకు కొత్తవి ఆ పేర్లే, లెక్క మీకు వచ్చు. అర్థం కాకపోతే తెలుగులో లేచి అడగండి, ఏ సారూ ఏమీ అనరు, అంటే నా దగ్గరికి రండి.

ఖమ్మం ఎలా తేలాడో చెప్పలేదు కదూ. మొదట పెద్ద టైమ్‌టేబుల్ వేశాడు, స్కెచ్ పెన్నులతో, గోడకి అంటించాడు. మూడో రోజు వాడే చింపేశాడు. తర్వాత ఇద్దరం కలిసి ఒక్కటే పెట్టుకున్నాం, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర లైబ్రరీలో కూర్చోవాలి. చదివినా చదవకపోయినా కూర్చోవాలి, ఆ రోజు క్లాసులో జరిగింది మాత్రమే ముందు పెట్టుకోవాలి. ఏడున్నరకి మెస్సు, ఆ తర్వాత ఎవడిష్టం వాడిది. వాడు నాకు ఇంగ్లీషు పదాలు చెప్పేవాడు, నేను వాణ్ణి మంచం మీంచి లేపి లాక్కెళ్ళేవాణ్ణి. ఎవరూ వెంటపడని చోట మేమిద్దరం ఒకరి వెంట ఒకరం పడ్డాం. అదీ సంక్రాంతి దాటాక మొదలైంది, నాకు అప్పటికే మ్యాథ్స్ చెయ్యి దాటిపోయింది.

ర్యాగింగ్ గురించి పెద్ద సార్లు చెప్పారు కాబట్టి రెండే మాటలు. 1997 నుంచే ఉమ్మడి రాష్ట్రంలో దానికి చట్టం ఉంది, పైన యూజీసీ 2009 నిబంధనలున్నాయి. సరదాకిలే అని ఎవరైనా అంటే ఆ సరదా మీకు సరదాగా లేకపోతే అది ర్యాగింగే. 1800-180-5522, ఫోన్లో సేవ్ చేసుకోండి, ఇప్పుడే. ఇంకో నంబరు 14416, టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు ఏ టైములోనైనా చేయొచ్చు. నిద్ర పట్టకపోయినా, పరీక్ష టెన్షన్‌కి చేతులు వణుకుతున్నా కూడా చేయొచ్చు, పిచ్చివాళ్ళు మాత్రమే చేసే నంబరు కాదది.

అమ్మా, అయ్యా, మీకొక్కటి చెప్పి ఆపేస్తాను. మా రిజల్ట్ వచ్చిన రోజు నాకు మ్యాథ్స్ పోయింది, 75కి 17. ఇంటికి ఫోన్ చేయలేదు. నాలుగు రోజుల తర్వాత మా నాయన కాలేజీకొచ్చాడు, గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే చెప్పులు బాగోలేవని రాలేదు. సప్లీ ఉందని చెప్పాను.

"సప్లీ అంటే ఏందిరా?"

"మల్ల రాసుడు."

"మల్ల రాయనిస్తరా?"

"ఇస్తరు."

"మరేంది? పోయిన వానకాలం పత్తి గింజలు రెండుమాట్ల పెట్టలే?"

నిజంగానే పెట్టాం. 2009లో వానలు ఎత్తిపోయాయి, జూన్‌లో పెట్టిన గింజలు మొలవలేదు, మళ్ళీ కొనుక్కొచ్చి పెట్టాం, ఆ అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టింది. ఆయన నన్ను ఓదార్చాలని అన్నాడని నేననుకోను, ఆయనకి తెలిసిన లెక్క అది. తర్వాత ఇబ్రహీంపట్నంలో ఇద్దరం చాయ్ తాగాం, బస్సెక్కి వెళ్ళిపోయాడు. సప్లీలో 52 వచ్చాయి.

మీ పిల్లల్లో కొందరికి ఒకటో రెండో సబ్జెక్టులు పోతాయి. ఆ సంగతి మీకు హాల్ టికెట్ నంబరు కొట్టి చూసుకుంటే తెలియకూడదు, వాళ్ళ నోటితో తెలియాలి. ఇవాళ బస్సెక్కేముందు ఆ మాట వాళ్ళకి చెప్పి వెళ్ళండి.

అయిపోయింది. ఎవరో చెయ్యెత్తారు, మూడో వరసలో... చెప్పమ్మా, గట్టిగా. ఆఁ, డ్రాఫ్టర్, అదే డ్రాయింగ్ బోర్డుకి బిగించి గీతలు గీసే స్కేళ్ళ పరికరం, కొత్తది కొనాలా అని అడుగుతోంది. వద్దు తల్లీ, సెకండియర్ వాళ్ళ దగ్గర ఊరికే పడి ఉంటాయి, సగం ధరకిస్తారు, అడిగితే కొందరు ఊరికే ఇచ్చేస్తారు కూడా. స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకో, వదులైతే స్కేలు జారి గీతలన్నీ వంకర పోతాయి. పెన్సిళ్ళు మాత్రం కొత్తవే, 2హెచ్ ఒకటి, హెచ్‌బీ ఒకటి. పుస్తకాలకి కోఠీకి వెళ్ళండి, ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్, బేరమాడాలి, చెప్పిన రేటుకి కొన్నారంటే మొదటి సెమిస్టర్ అని వాడికి తెలిసిపోతుంది. నా గది సెకండ్ ఫ్లోర్‌లో మెట్ల పక్కన, రోజూ మూడు తర్వాత ఖాళీగానే ఉంటాను. పదండి, అన్నం చల్లారుతోంది.